బూతు సినిమాలో బంగారంలాంటి రాక్షసుడు

'ఫ్లెష్ గోర్డన్' చూశానంటే జనం నావైపు అదోలా చూస్తారు. రాక్షసుడి కోసం చూశానంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి.

1936లో యూనివర్సల్ వాళ్ళు 13 భాగాలుగా తీసిన అంతరిక్ష సాహసాల 'ఫ్లాష్ గోర్డన్' సీరియల్‌కి ఇది 1974లో వచ్చిన పెద్దల పేరడీ. పేరులో మారింది ఒక్క గుణింతమే. కథ కూడా పెద్దగా మారలేదు. అదే విమానం, అవే పారాచూట్లు, అదే తిక్క శాస్త్రవేత్త, ఆయన సొంతంగా కట్టుకున్న రాకెట్టు. కాకపోతే ఇక్కడ భూమ్మీద పడేది కామకిరణం! జోకుల్లో సగం బాత్రూమ్ గోడల మీద రాసే రకం. కాసేపు నవ్వాను, తర్వాత ఆవలింతలే.

అలాగని పాత సీరియల్ మడి కట్టుకుని కూర్చుందా అంటే, అదీ లేదు. అక్కడ విలన్ మింగ్ చక్రవర్తి హీరోయిన్ని చూడగానే పెళ్ళంటాడు, ఆయన కూతురేమో హీరో వెంట పడుతుంది. ఉన్న యావకే వీళ్ళు బట్టలు విప్పారు, అంతే.

ఇంతలో రాక్షసుడొచ్చాడు. చటుక్కున లేచి కూర్చున్నాను. హీరోయిన్ని గుప్పిట్లో పట్టుకుని, తనలో తాను గొణుక్కుంటూ నడిచొస్తాడు. అంతా స్టాప్ మోషన్. బొమ్మని వెంట్రుకవాసి కదపాలి, ఫ్రేము తియ్యాలి, మళ్ళీ కదపాలి. తెరమీద ఒక్క సెకనుకి 24 ఫ్రేములు. ఓసారి నేనూ దిగాను ఇందులోకి. మట్టిబొమ్మ చెయ్యెత్తి దించాలి, అంతకన్నా ఏం లేదు. 70 ఫోటోలయ్యాక నా మోచెయ్యి తగిలి ట్రైపాడ్ జరిగిపోయింది. నిండా మూడు సెకన్లు కూడా దక్కలేదు! అందుకే వాడు అడుగు వేస్తుంటే ఒళ్ళు బరువంతా ఆ కాలి మీదికి రావడం చూసి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ సినిమాకి మినియేచర్లు, అంటే చిన్న నమూనాలు, చేసినవాళ్ళలో గ్రెగ్ జీన్ ఒకడు. మూడేళ్ళకి 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్'లో గ్రహాంతరవాసుల ఆ పెద్ద మదర్‌షిప్ నమూనా చేసిందీ ఈయనే. అదే 1977లో 'స్టార్ వార్స్' కూడా వచ్చింది. దాన్ని తీసిన జార్జ్ లూకాస్‌కి ముందు ఫ్లాష్ గోర్డన్‌నే మళ్ళీ తియ్యాలని ఉండేది, హక్కులు దొరక్క సొంత కథ రాసుకున్నాడు. ఒకే పాత సీరియల్‌కి ఒకడు హారతి పట్టాడు, ఇంకొకడు వెక్కిరించాడు. వెక్కిరించినవాడి దగ్గరా పనివాళ్ళు మాత్రం ఒళ్ళు దాచుకోలేదు.

ఎఫెక్ట్స్‌లో చెయ్యి వేసిన జిమ్ డాన్‌ఫోర్త్ పేరు టైటిల్స్‌లో తిరగేసి ఉంటుంది, 'మిజ్ హ్ట్రోఫ్నాడ్' అని. నోరు తిరగడానికి నాకు నాలుగుసార్లు పట్టింది. నేనే గనక ఆ రాక్షసుణ్ణి నడిపించి ఉంటే, సినిమా ఏదైనా సరే, ఇంటిపేరుతో సహా వేయించుకునేవాణ్ణి.