కనుమ రాత్రి టిక్కెట్టు

2025 నవంబరు 17, సోమవారం. కావలి.

కార్తీకంలో ఇది చివరి సోమవారం. అత్తయ్య తెల్లవారకముందే శివాలయంలో దీపాలు పెట్టి వచ్చి, ఉపవాసంతో వసారాలో కూర్చున్నారు. లోపల మా వారు, నేను ఎనిమిది ఎప్పుడవుతుందా అని ఫోను ముందు కాచుకుని ఉన్నాం. జనవరి 16, కనుమ రాత్రి హైదరాబాదు వెళ్ళే సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు రిజర్వేషన్ తెరిచేది ఇవాళే. ఇదివరకు 120 రోజుల ముందే చేసుకునే వీలుండేది. పోయిన ఏడాది నవంబరు నుంచి దాన్ని 60 రోజులకు తగ్గించారు. దాంతో దసరా లోపే తేలిపోయే సంక్రాంతి టిక్కెట్ల గొడవ కార్తీక మాసంలోకి వచ్చిపడింది. మొన్న అక్టోబరు నుంచి ఇంకో నిబంధన చేరింది. తెరిచిన మొదటి పదిహేను నిమిషాల్లో ఆన్‌లైన్‌లో కొనాలంటే ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఉండాలన్నారు. మా వారు ఆ పని ఎప్పుడో చేసిపెట్టుకున్నారు. హైదరాబాదులో ఉండే మా మరిది ఇంకా రేపు, ఎల్లుండి అంటున్నాడు. అందుకే వాళ్ళ తిరుగు ప్రయాణం మా నెత్తిన పడింది.

పిల్లవాడికి ఆరేళ్ళు. ఐదేళ్ళు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. 2016 నుంచి ఇదే పద్ధతి. వాడికి సగం టిక్కెట్టు చాలు, తల్లి పక్కన సర్దుకుంటాడని మరిది చెప్పాడు. ఆ ఆదా నాకు నచ్చలేదు. రాత్రంతా ఒక పక్కకు ఒత్తిగిలి పడుకునేది మా తోడికోడలు, డబ్బు మిగిలిందని సంబరపడేది మరిది. వాడికీ బెర్తు పెట్టించాను. నలుగురికీ ఖాయమైన టిక్కెట్లే వచ్చాయి. స్లీపరులో ఒక్కొక్కరికి నాలుగు వందల లోపే.

మా మాటల్లో కనుమ అన్న పేరు అత్తయ్య చెవిన పడింది.

"కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. నా కొడుకు కదులుతాడా?"

ఇది వస్తుందని తెలుసు. శనివారం ఉదయం మరిది పనిలో ఉండాలి, సెలవు శుక్రవారంతో సరి. ఆ మాట తల్లితో చెప్పలేక నిన్న రాత్రి నాకు ఫోను చేశాడు. "వదినా, అమ్మతో నువ్వే చెప్పు" అన్నాడు. పోయిన సంక్రాంతికీ ఇంతే. ఎప్పుడు వెళ్తావంటే "చూద్దాంలే అమ్మా" అంటూ నెట్టుకొచ్చి, చివరి రోజున ప్రైవేటు బస్సులో మనిషికి రెండు వేలకు పైగా పోసి నాలుగు సీట్లు కొన్నాడు. అత్తయ్యకు మాత్రం ఆఫీసు వాళ్ళే పంపిస్తున్నారని చెప్పాడు. ఆవిడ మా వీధంతా చెప్పుకుని మురిసిపోయారు కూడా.

నన్నడిగితే పండగ ఖర్చుల్లో అన్నిటికంటే ఖరీదైనది మొహమాటం. చార్జీలు పెంచారని బస్సుల వాళ్ళను తిట్టుకుంటాం గానీ, ఫలానా రోజున వస్తాం, ఫలానా రోజున వెళ్తాం అని నవంబరులో ఒక్క మాట అనుకోవడానికి ఇంట్లో ఎవరికీ నోరు పెగలదు. ముందుగా తేలితే దారులు చాలానే ఉన్నాయి. గత సంక్రాంతులకు ఆర్టీసీ రానూపోనూ టిక్కెట్లు కలిపి చేయించుకుంటే పది శాతం రాయితీ ఇచ్చింది. తేదీలే తెలియని వాడికి రాయితీ ఇచ్చి ఏం లాభం? ఆదివారం రాత్రి బండ్లకు ఎల్లుండి తెరుస్తారు, ఆ రోజు జరిగే తొక్కిసలాట ఊహించుకోవచ్చు. కనుమ రాత్రికి ఇవాళ అంత పోటీ కనిపించలేదు. మన జిల్లాలో చాలామందికి కాకి మాట మీద ఇంకా గురి ఉన్నట్టుంది.

ఇదంతా అత్తయ్యకు చెప్పాను, బస్సు సీట్ల అసలు సంగతితో సహా. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "అంత డబ్బు పోశాడా?" అన్నారు. కాసేపటికి తానే దారి చూపించారు: ప్రస్థానం పెడితే సరి. వెళ్ళకూడని రోజున తప్పనిసరిగా వెళ్ళాల్సి వస్తే, అంతకుముందే మంచి ఘడియ చూసి ఒక సంచి ఎవరింట్లోనైనా ఉంచుతారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఈ మాట మా అమ్మమ్మ తర్వాత ఎవరి నోటా వినలేదు. భోగి నాడే ఎదురింట్లో సంచి పెట్టిస్తానని, కనుమ రాత్రి ఆ సంచి తీసుకుని అటే స్టేషనుకు వెళ్ళిపోవాలని అత్తయ్య తీర్పు. ఎదురింటావిడకు అప్పుడే కబురు కూడా వెళ్ళిపోయింది. "సంచిలో అరిసెలుంటే మాత్రం పూచీ నాది కాదు" అని ఆవిడ అక్కడి నుంచే కేకేశారు.

వచ్చే దారిలో ఇంత కథ లేదు. జనవరి 9 రాత్రి బండ్లు కళ్ళ ముందే నిండిపోవడంతో, 13న పగటి పూట కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని వచ్చే సీట్లు తీసుకున్నారు. అది ఆగని ఊరంటూ లేదని మరిది విసుక్కున్నాడు. ఆగితే ఆగనీ, పులిహోర కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటే పిల్లలకు అదే పండగ.

మధ్యాహ్నం కనిగిరి వదినకు ఫోను చేశాను. ఆవిడ ప్రయాణానికి లెక్కే లేదు. ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఉచిత ఆర్టీసీ ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు బస్సులోనూ ఎక్స్‌ప్రెస్ బస్సులోనూ ఆధార్ చూపిస్తే సున్నా టిక్కెట్టే. "మీ అన్నయ్యకే చార్జీ. ఆయన్ని ఇంట్లో వదిలేసి రానా?" అని నవ్వింది. హైదరాబాదు నుంచి వచ్చే బస్సుకూ ఇది వర్తిస్తుందేమోనని తోడికోడలు ఆశపడింది గానీ, అంతర్రాష్ట్ర సర్వీసులు ఇందులో లేవు.

తర్వాత తిండి సంగతి. పోయినసారి వచ్చినవాళ్ళు మూడు మైసూరుపాకు డబ్బాలతో దిగారు. ఒకటి పిల్లలు తిన్నారు, ఒకటి పనిమనిషికి ఇచ్చాను, మూడోది శివరాత్రి దాకా ఫ్రిజ్‌లో ఉండి గట్టిపడింది. ఈసారి దుకాణం మిఠాయి ఎవరూ తేకూడదని వదినతో చెప్పేశాను. ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, "ఇన్నాళ్ళూ మీరేమనుకుంటారోనని తెచ్చాను" అంది. బదులుగా రెండు కిలోల కందిపప్పు తెస్తుంది. వాళ్ళ చేలో పండిన పప్పు ఉడుకుతుంటేనే వీధి దాకా వాసన వస్తుంది. నువ్వులు, నెయ్యి తోడికోడలి వంతు.

అరిసెల దగ్గర మాత్రం నేను పొదుపు ఒప్పుకోను. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం, అనకాపల్లిదే కావాలి. బెల్లం తగ్గిస్తే అరిసె విరుగుతుంది, కొత్త బియ్యం నానడానికి ఒక రోజు తగ్గిస్తే పిండి పాకంలో కలవదు. తగ్గించాల్సింది ఎన్ని చేస్తామన్నది. అత్తయ్య కాలంలో ఐదు కిలోల బియ్యం నానబోసేవారు, ఎందుకంటే ఊరంతా పంచేవారు. ఇప్పుడు పంచడానికి వెళ్తే ఎదురింటివాళ్ళు తిరిగి అరిసెలే ఇస్తున్నారు. రెండు కిలోలు చాలు. జంతికలు ఒక డబ్బా. బూరెలు ఎక్కువ వండకపోయినా ఫరవాలేదు, పెద్దలకు నైవేద్యం మటుకు తొమ్మిది చేస్తే సరిపోతుంది. గారెలకు గుళ్ళపప్పు కొనను, పొట్టు మినపపప్పే తెస్తాను. ధర తక్కువ, రుచి ఎక్కువ. పొట్టు కడిగే పని మా వారికి.

ఇక కనుమ కూర దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య చెయ్యెత్తి ఆపారు. "సోమవారం పూట నీచు మాట ఎత్తకండి. కార్తీకం ముగిసి పోలి పాడ్యమి వెళ్ళాక చూద్దాం." మంచిదే. కానీ ఈ డైరీకి మడి లేదు కాబట్టి నా ఆలోచన రాసుకుంటున్నాను. పండగ రెండు రోజుల్లోనే మాంసానికీ నాటుకోడికీ ధర ఎగురుతుంది. మరిది వాళ్ళు 13 సాయంత్రం దిగుతారు. చేపల పులుసు ఆ రోజు పొద్దున్నే పెట్టేస్తే రాత్రికి ముక్కకు పులుపు పట్టి సరిగ్గా కుదురుతుంది, అప్పటికింకా ధరలు కూడా నేల మీదే ఉంటాయి. కనుమకు గారెలు, ఒక్క నాటుకోడి పులుసు. మటన్ ఉండదు. గారె పులుసులో మునిగాక పక్కన ఇంకో కూరను ఎవరు చూస్తారు?

మా వారికి మాత్రం మటన్ లేని కనుమ రుచించలేదు. ఆయన మాట సాగాలంటే శుక్రవారం పోలి పాడ్యమి అయ్యేదాకా ఆగాలి. ఈలోగా మరిది ఫోనుకు మెసేజీ పెట్టాడు: "వదినా, పిల్లలు రొయ్యలు అడుగుతున్నారు." అత్తయ్యకు చూపించలేదు.