జేమ్స్ వెబ్ టెలిస్కోప్ డేటాలో హైడ్రోజన్ గీతల కోసం: నా అనుభవం

మొత్తానికి పని పూర్తయింది. ఎన్‌జీసీ 7469 గెలాక్సీ నడిమధ్యలో హైడ్రోజన్ అణువులు కొన్ని నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల దగ్గర వెలువరించే పరారుణ కాంతిని, అంటే స్పెక్ట్రమ్‌లోని గీతలను, ఇప్పుడు ఎవరడిగినా తెరమీద చూపిస్తాను.

డేటా సంపాదించడం తేలికే. దాదాపు 22 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఈ గెలాక్సీని జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 2022లో మిరి (MIRI) అనే పరారుణ పరికరంతో చూసింది. అందరికీ పనికొచ్చేలా ముందుగా తీసిన డేటా కాబట్టి అంతరిక్ష టెలిస్కోప్‌ల డేటా దాచే మాస్ట్ (MAST) ఆర్కైవ్ నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ముడి డేటాను శుద్ధి చేసే సాఫ్ట్‌వేర్ పైప్‌లైన్‌కి ర్యామ్ దండిగా ఉంటే చాలు.

నా ప్రాణం తోడేసింది ఫ్రింజ్‌లు. మిరి డిటెక్టర్ పొరల మధ్య కాంతి అటూ ఇటూ పరావర్తనం చెంది స్పెక్ట్రమ్ పొడవునా అలలు లేపుతుంది. సవరించకపోతే 10 నుంచి 30 శాతం దాకా ఎత్తుపల్లాలుంటాయి. హైడ్రోజన్ అణువు గీతలేమో అసలే బలహీనం. గెలాక్సీ నడిమధ్యనున్న కృష్ణబిలం చుట్టూ వేడెక్కిన ధూళి ఎంత వెలిగితే అక్కడ అలలూ అంత పెద్దవి. మామూలు సవరణ అయ్యాక కూడా కొన్ని మిగిలాయి.

ఆ స్పెక్ట్రమ్ గ్రూప్ మీటింగులో పెట్టాను. ఒక సీనియర్ లేజర్ పాయింటర్ చుక్కను 7.02 మైక్రాన్ల దగ్గరున్న మొనమీద పెట్టి, "ఇదీ ఫ్రింజే. డేటా శుభ్రం చేయడం కూడా రాకుండా మీటింగుకు ఎందుకొచ్చావు?" అన్నారు. కొత్తగా చేరిన జూనియర్ల ముందే! తల కొట్టేసినట్టయింది. ఆయన మిరి డేటా ఒక్కసారీ ముట్టుకున్న మనిషి కాదు. తెలియనప్పుడు "చూసి చెప్తాను" అంటే పోయేదేముంది? పిల్లల్ని నలుగురిలో చిన్నబుచ్చితే సైన్సు ముందుకు పోదు.

మిగిలిన ఫ్రింజ్‌లను తీసే స్టెప్ ఒకటి పైప్‌లైన్‌లోనే ఉంది. నేను వాడిన వెర్షన్‌లో మనం ఆన్ చేస్తే తప్ప అది నడవదు. నడిపితే అలలు అణిగాయి, ఆ మొన మాత్రం చెక్కుచెదరలేదు. నేను అంతటితో వదల్లేదు. ఈ గెలాక్సీ రెడ్‌షిఫ్ట్, అంటే దాని కాంతి పొడవైన తరంగదైర్ఘ్యాల వైపు జరిగిన పాలు, 0.0163. ఆ లెక్కన 6.91, 9.66, 17.03 మైక్రాన్ల హైడ్రోజన్ అణువు గీతలు 7.02, 9.82, 17.31 దగ్గర కనపడాలి. మూడూ కనపడ్డాయి, అదీ మిరి తరంగదైర్ఘ్యాలను పంచుకునే మూడు వేర్వేరు ఛానళ్లలో.

ఆపైన వాయువు ఎక్కడ ఎంత వేగంతో కదులుతోందో చూపే వేగాల పటం గీశాను. కేంద్రానికి ఒక పక్క గీత నీలం వైపు (మనవైపు వస్తున్నట్టు), ఇంకో పక్క ఎరుపు వైపు (దూరం పోతున్నట్టు) జరిగింది. వాయువు తిరుగుతోందన్నమాట. డిటెక్టర్‌లో పుట్టిన అల గెలాక్సీతో పాటు తిరగదు కదా! మా గ్రూపులో ఇలాంటి పటం గీసింది నేనే మొదలు.

ఈ వారం మీటింగులో అదే నా మొదటి స్లైడ్. ఆయన ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అన్నారు. జూనియర్లు మాత్రం కోడ్ అడిగి తీసుకున్నారు.

మిరితో పనిచేసేవాళ్లు ఒక్క గీతను పట్టుకుని మీటింగుకు వెళ్లకండి, వేగాల పటం కూడా దగ్గరుంచుకోండి. నేనిప్పుడు ఆ మూడు గీతల బలాలను పోల్చి వాయువు ఉష్ణోగ్రత లెక్కగడుతున్నాను.