పాంటాప్రజోల్ దగ్గర ఆగిపోయిన నా డ్రగ్ ఫైల్

నిన్న సాయంత్రం నా డ్రగ్ ఫైలుకి సంతకం పడింది, ఇప్పటికి ఊపిరి ఆడింది. నేను ఒంగోల్లో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం. మెడికల్ వార్డు పోస్టింగులో ఎసిడిటీ మందుల ఫైలు రాయాలి. యాంటాసిడ్‌లు, ఫామోటిడిన్ మొదటి రోజే అయిపోయాయి. అల్యూమినియం మలబద్ధకం చేస్తుంది, మెగ్నీషియం విరేచనం చేస్తుంది, అందుకే రెండూ కలిపి ఇస్తారని చెప్తే ఇన్‌ఛార్జ్ సిస్టర్ సంతకం పెట్టేశారు.

కడుపులో యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ దగ్గరే నా పరువు పోయింది. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే పెద్దాయన, నడుం నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్ నెలల తరబడి మింగి, తారులాంటి నల్ల విరేచనాలతో చేరాడు. ఎండోస్కోపీలో కడుపులో పుండు కనపడింది. ముందు ఇంజెక్షన్లు, తర్వాత మాత్రకు మార్చారు. ఆ ఉదయం ఆయన ఇడ్లీ తింటుంటే నేను ట్రేతో వెళ్లి, "తిన్నాక వేసుకో పెద్దాయనా" అని మాత్ర, సుక్రాల్‌ఫేట్ సిరప్ రెండూ పక్కన పెట్టాను. వెనకాలే ఇన్‌ఛార్జ్ సిస్టర్.

"ఈ మాత్ర ఎప్పుడెయ్యాలి?"

"పరగడుపున మేడమ్."

"ఎందుకు?"

"గ్యాస్ రాకుండా..."

"నువ్వు నర్సువా, బడ్డీకొట్లో గ్యాస్ గోళీలు అమ్మేదానివా?" అని ఫైలు మంచం మీద పడేశారు. వార్డంతా నావైపే చూసింది. పెద్దాయన భార్య మాత్రం తల దించుకుని ఇడ్లీ గిన్నెకు మూత పెట్టింది. అది చూశాకే నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదే, కానీ పేషెంటు ముందు అలా అనడం ఇప్పటికీ నాకు మింగుడు పడదు. క్లాసులో మా ట్యూటర్ కూడా "బిఫోర్ ఫుడ్" అని రాయించారే గానీ, ఎందుకని అడిగితే సిలబస్ వెనకబడుతుందన్నారు.

ఆ రాత్రి హాస్టల్లో సీనియర్ అక్క పది నిమిషాల్లో చెప్పింది. కడుపులో యాసిడ్ తోడే పంపులు తిండి పడగానే పనిలోకి దిగుతాయి, ఈ మందు పనిచేస్తున్న పంపునే పట్టుకుంటుంది. బోరు మోటారు వేసే టైముకి మనిషి స్టార్టర్ దగ్గర ఉండాలి కదా, అలాగే తినేటప్పటికి మందు రక్తంలో ఉండాలి, కాబట్టి అరగంట నుంచి గంట ముందు. పట్టుకున్న పంపును మళ్లీ వదలదు, కొత్తది తయారవ్వాల్సిందే, అందుకే రక్తంలో మందు కొన్ని గంటల్లో పోయినా పని రోజంతా ఉంటుంది. పైపూత పేగుల్లో కరగాలి, మాత్రను నలగ్గొట్టకూడదు. సుక్రాల్‌ఫేట్ యాసిడ్‌లో జిగురుగా మారి పుండు మీద అంటుకుంటుంది, వేరే మందుల్ని కూడా పట్టేస్తుంది, కాబట్టి ఖాళీ కడుపునే, మిగతా మందులకు రెండు గంటల ఎడంగా ఇవ్వాలి.

ఫైలు మొత్తం మళ్లీ రాశాను. ఈసారి సిస్టర్ హెచ్ పైలోరీ (కడుపులో పుండు చేసే బ్యాక్టీరియా) మందుల కిట్ గురించి కూడా అడిగారు. 14 రోజులు, రోజుకు రెండు పూటలు, అందులో పెన్సిలిన్ జాతి మందు అమాక్సిసిలిన్ ఉంటుంది కాబట్టి ముందు పెన్సిలిన్ ఎలర్జీ ఉందేమో అడగాలని తడుముకోకుండా చెప్పాను. మా బ్యాచ్‌లో ఎలర్జీ మాట చెప్పింది నేనొక్కదాన్నే. జూనియర్లకు చెప్పేదొకటే, ఇంకొకరి ఫైలు కాపీ కొట్టకండి, అందులో "ఎందుకు" ఉండదు.

సంతకం అయ్యాక పెద్దాయన దగ్గరికి వెళ్లి, నొప్పి మాత్రలు డాక్టరుగారిని అడక్కుండా మళ్లీ ముట్టుకోవద్దని చెప్పాను. భార్య సంచిలో చెయ్యి పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టిన మూడు డైక్లోఫెనాక్ స్ట్రిప్పులు తీసి నా చేతిలో పెట్టింది. "ఇంటికాడ ఇంకా ఉండాయి పాపా, అయ్యి కూడా పారేస్తా" అంది.