మోకాళ్ళకి ఒక్క అంతస్తు

అద్దె కారు రోజుకి 41 డాలర్లని ఫోన్‌లో చూసి మురిసిపోయాను. ఇల్లు చూసుకోవడానికి ఫ్లోరిడాలో దిగాం. టాంపా ఎయిర్‌పోర్టులో తాళాలు చేతికొచ్చేసరికి అది 78 అయింది. ఇక్కడ టోల్ దగ్గర మనుషులుండరు, కెమెరా ఫోటో తీసి బిల్లు పంపుతుంది. ఆ బిల్లు మనకు చేరవేసినందుకు కారు కంపెనీ వాళ్ళకి రోజుకింతని వేరే కట్నం. “పన్నుల్లేని రాష్ట్రం అన్నారుగా?” అంది మా ఆవిడ. రాష్ట్ర ఆదాయపు పన్ను మాత్రమే లేదని సర్దిచెప్పబోయాను. “అందుకే కాబోలు, మిగతావాళ్ళంతా తలా ఇంత లాగుతున్నారు” అంది.

న్యూజెర్సీ ఎడిసన్‌లో మాది మూడంతస్తుల వ్యవహారం. బట్టలుతికే మెషిన్ బేస్‌మెంట్‌లో, వంట మధ్యలో, పడక పైన. కొన్నప్పుడు అదో గొప్ప. ఇప్పుడు ఆవిడ ఫోన్ పైన మర్చిపోతే అది ఆ రాత్రిదాకా పైనే. ఎడమ మోకాలు మార్చాల్సిందేనని డాక్టరు రెండేళ్ళుగా చెబుతున్నాడు. దానికితోడు ఇంటి పన్ను. న్యూజెర్సీలో సగటే ఏడాదికి 10 వేల డాలర్లు, మాది ఇంకాస్త ఎక్కువ. జనవరిలో పార మీద వాలిపోయి, కారు చుట్టూ మంచు ఎత్తిపోసుకుంటూ ఇద్దరం అనుకున్నాం: చాలు, వెచ్చటి చోటు చూసుకుందాం అని. ఫిబ్రవరిలో ఐదు రోజులకి టికెట్లు తీశాను.

మొదటి రెండు రోజుల గురించి చెప్పడానికేం లేదు. ఓర్లాండో చుట్టుపక్కల తొమ్మిది ఇళ్ళు చూశాం. తొమ్మిదింటికీ అదే తెల్ల గ్రానైట్ గట్టు, అదే బూడిదరంగు గోడలు. సాయంత్రానికి ఏ కిచెన్ ఏ ఇంటిదో ఇద్దరం పోట్లాడుకున్నాం.

మూడోరోజు మధ్యాహ్నం టాంపాలో నా ఇంజనీరింగ్ మిత్రుడి ఇంట్లో భోజనం. వాడి పెరట్లో కరివేపాకు చెట్టుంది. మొక్క కాదు, చెట్టు. మొదలు నా మణికట్టంత లావు, కొమ్మలు కంచె దాటి పక్కవాళ్ళ వైపు వాలాయి. మా ఆవిడ ఒక రెమ్మ తుంచి అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎడిసన్‌లో మా కుండీని అక్టోబర్ రాగానే బేస్‌మెంట్‌లోకి దింపి, లైటు పెట్టి, చంటిబిడ్డలా సాకుతాం. అయినా మార్చికల్లా నాలుగు ఈనెలు మిగులుతాయి. “ఒక పిలక ఇవ్వకూడదూ?” అనడిగింది. కుదరదట. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దీని మీదా బతుకుతుంది కాబట్టి మొక్క రాష్ట్రం దాటకూడదని రూలు. ఆ తెగులు 2005లో ఇక్కడ బయటపడ్డాక ఫ్లోరిడా నారింజ తోటలు కోలుకోనేలేదు. “అంటే కరివేపాకు కావాలంటే మనమే ఇక్కడికి రావాలన్నమాట” అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి, ఇల్లు ఖాయమైపోయిందనుకున్నాను.

మర్నాడు హోవర్డ్ ఫ్రాంక్‌లాండ్ వంతెన మీదుగా సెయింట్ పీటర్స్‌బర్గ్. ఏజెంటు ఖమ్మం అబ్బాయి, మాటకి ముందు “అంకుల్”, వెనక “ఆంటీ”. షోర్ ఏకర్స్ అనే పేటలో ఇల్లు చూపించాడు. ఒకటే అంతస్తు, సిమెంటు ఇటుకల కట్టడం, వెనక కాలువ, కాలువ చివర్న సముద్రపాయ. మా ఆవిడ హాల్లోంచి పడగ్గదికి, అక్కణ్ణుంచి లాండ్రీకి, మళ్ళీ వంటింటికి, గుడిలో ప్రదక్షిణం చేసినట్టు తిరిగొచ్చింది. ఒక్క మెట్టు లేదు. ధర కూడా పక్క పేటలకంటే బాగా తక్కువ.

నాకు మాత్రం కొత్త పెయింటు వాసన తగిలింది. గోడల కింది సగం పైసగంకంటే నున్నగా ఉంది. అడిగితే అబ్బాయి దాచలేదు. 2024 అక్టోబర్ నుంచి వరద క్లెయిమ్ ఉంటే అమ్మేవాళ్ళు చెప్పితీరాలని చట్టం వచ్చింది, కాయితం తీసి చూపించాడు. హెలీన్ తుఫానులో మునిగిన ఇల్లు. పక్కింటిని పది అడుగుల కాంక్రీటు స్తంభాల మీదికి లేపి కట్టారు. దానికి వీధిలోంచి మెట్లు. నేను లెక్కపెట్టాను, 17.

ఎదురింటి ముందు మడత కుర్చీలో ఒక ముసలావిడ కూర్చునుంది. మమ్మల్ని చూసి చెయ్యూపింది. ఎనభై దాటాయి, మిషిగన్ నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళయిందట. “ఇల్లు చూడ్డానికా? రండి, నాది చూడండి” అని గ్యారేజీలోకి తీసుకెళ్ళింది. గోడ మీద పెన్సిలు గీత, పక్కన తేదీ: 26 సెప్టెంబర్ 2024. గీత నా తొడల దాకా వచ్చింది.

నీళ్ళు ముందు గుమ్మంలోంచి రాలేదట, బాత్‌రూమ్ తూములోంచి పైకి తన్నుకొచ్చాయట. ఖాళీ చెయ్యమని ముందే హెచ్చరించారు. “ప్రతిసారీ చెబుతారు, ప్రతిసారీ ఏమీ కాదు.” వంటింటి గట్టెక్కి కూర్చుంటే, తెల్లవారుజామున పొరుగతను చిన్న పడవలో వచ్చి దింపాడు. ఆ హెలీన్ తీరం దాటింది కూడా ఇక్కడ కాదు, ఎక్కడో ఉత్తరాన. తడిసిన సోఫాలూ పరుపులూ రోడ్డు పక్కన గుట్టలుగా ఉండగానే, 13 రోజులకి మిల్టన్ అని ఇంకో తుఫాను వచ్చిపడింది. ఊళ్ళో బేస్‌బాల్ స్టేడియం పైకప్పు చింపేసింది అదే.

“మరి వెళ్ళిపోవాలనిపించలేదా?” అన్నాను. ఆవిడ తుంటి మీద తట్టుకుంది. “ఇది మిషిగన్‌లో మంచు మీద జారి విరగ్గొట్టుకున్నాను. నీళ్ళు ఎప్పుడో ఒకసారి. మంచు ప్రతి ఏడాదీ.”

నేను ఆ గీత దగ్గరే ఉండిపోయాను. మాది నాగాయలంక అవతల ఊరు. 1977 నవంబర్ 19, శనివారం. నాకు పద్నాలుగేళ్ళు. ఇక్కడివాళ్ళు సర్జ్ అంటుంటే నాకు మొదట్లో గుర్తేరాలేదు, మన ఉప్పెనే. సాయంత్రం దాకా గాలివాన అనుకున్నాం. చీకటి పడేసరికి వాకిట్లో నీళ్ళు నిలబడి లేచాయి. ఊళ్ళో మేడ ఉన్నది కరణంగారికొక్కరికే. ఆ రాత్రి ఆ మేడ మీద ఎంతమందిమి ఉన్నామో తెలీదు. దివిసీమలో పోయినవాళ్ళు సర్కారు లెక్కలోనే దాదాపు 10 వేలు. కరణంగారింటి కింది గోడకి తర్వాత ఎన్నిసార్లు సున్నం కొట్టినా, ఒక ఎత్తు దాకా ఉప్పు పైకి తేలుతూనే ఉండేది. ఆ ఎత్తుకి ఈవిడలా ఎవరూ పెన్సిలు గీత గియ్యాల్సిన పని పడలేదు.

కార్లో కూర్చుని లెక్కలేశాం. ఇంటి ఇన్సూరెన్స్ 6,800, వరదకి వేరే 2,900. అందులో ఇల్లు పాడైతే 2,50,000 డాలర్లకి మించి రాదు. ఇక్కడా ఇంటి పన్నుంది కదా, అన్నీ కూడితే ఎడిసన్‌లో పన్నుకి పోసేదానికి తగ్గడం లేదు. మంచు ఎత్తిపోసే పార ఖర్చొక్కటీ మిగిలినట్టు.

చివరి రోజు నీళ్ళకి దూరంగా, ఓకాలా దారిలో యాభై అయిదు దాటినవాళ్ళ కాలనీకి వెళ్ళాం. అన్నీ ఒకే అంతస్తు, వరద భయం లేదు, అందరూ గోల్ఫ్ బండ్లలో పాలపాకెట్టుకి వెళుతున్నారు. బ్రోచర్ చేతిలో పెట్టిన అమ్మాయిని మా ఆవిడ ఒకటే అడిగింది: మనవడు సెలవులకి వస్తే ఎన్నాళ్ళుండచ్చు? ఏడాది మొత్తం మీద ముప్పై రోజులట. ఆ బ్రోచర్ కార్లో వెనక సీట్లో పడింది. కారుతోపాటే అక్కడే వదిలేశాం.

తిరిగొచ్చిన ఆదివారం అవనిగడ్డలో మా అక్కకి ఫోన్ చేశాను. కరివేపాకు చెట్టు గురించీ, ఒక్క మెట్టూ లేని ఇంటి గురించీ చెప్పాను. వెనక కాలువ సంగతి రాగానే ఆగింది.

“మేడుందా?”

లేదన్నాను. మీ మరదలి మోకాళ్ళకి అదే కదా నయం అన్నాను.

“ఆ రాత్రి నానమ్మకి మోకాళ్ళున్నాయేంట్రా? నాన్న వీపున వేసుకుని ఎక్కించాడు. అక్కడ మిమ్మల్నెవరు ఎక్కిస్తారు?”

మా అమ్మాయి ఇల్లు ఎడిసన్‌లో మాకు ఇరవై నిమిషాలు. ఆ మాట అక్కతో అనలేదు. ఏజెంటు అబ్బాయి నిన్న మెసేజ్ పెట్టాడు: అంకుల్, ఆ ఇల్లు ఇంకో 15 వేలు తగ్గించారు. ఇంకా జవాబివ్వలేదు.