మా సర్వరు ఖర్చు సున్నా అన్నాను

నిన్న సాయంత్రం కంపెనీల కంప్యూటర్ ఖర్చుల మీద రిపోర్టు వచ్చింది. అందులో మా కంపెనీ గురించి ఉన్నది నాలుగు పేజీలే. ఆ నాలుగు పేజీల కోసం పడిన పాట్లు ఇప్పుడే రాయకపోతే తరువాత మనసు చల్లబడి మర్యాదగా రాస్తాను. అది నాకు ఇష్టం లేదు.

మాది విశాఖపట్నంలో రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే కంపెనీ. ఆఫీసు ద్వారకానగర్‌లో, ఫ్యాక్టరీ అచ్యుతాపురం వైపు. ఇరవై రెండేళ్లుగా అక్కడ జమాఖర్చులు చూస్తున్నది నేనే. కంపెనీలు కంప్యూటర్ల మీద పెట్టే డబ్బు ఎటు పోతోందో అధ్యయనం చేసే పరిశోధన సంస్థ ఒకటి మాలాంటి మధ్యతరహా కంపెనీల లెక్కలు సేకరిస్తోందని మా ఎండీ గారికి ఎవరో చెప్పారు. మన లెక్కలు వారికి ఇస్తే, మన స్థాయి కంపెనీలతో పోల్చి ఎక్కడ ఎక్కువ పెడుతున్నామో, ఎక్కడ తక్కువ పెడుతున్నామో ఉచితంగా చెబుతారట. ఉచితం అన్న మాట వినగానే ఎండీ గారు సరేననేశారు. పని వచ్చి నా మెడకు చుట్టుకుంది.

పేరు నమోదుకు పది నిమిషాలు పట్టింది. గోప్యత ఒప్పందాన్ని మా లాయరు గారు ఒక్క రోజులో చూసి పంపారు. ఇంతవరకు నల్లేరు మీద బండి నడకే.

తరువాత ఎక్సెల్ షీటు వచ్చింది. సర్వర్ల (కంపెనీ లెక్కలు, కాగితాలు దాచే కంప్యూటర్ల) వంటి యంత్రాలు, సాఫ్ట్‌వేర్, మనుషుల జీతాలు, బయటివారికి కట్టే రుసుములు, ఇంటర్నెట్, కరెంటు, గది అద్దె, ఇలా ఒక్కోదానికి ఏడాది ఖర్చు రాయాలి. ఆపైన ఆ ఖర్చులో వ్యాపారం నడవడానికి ఎంత, పెరగడానికి ఎంత, మారడానికి ఎంత అని మూడు వాటాలు వేయాలి. మా పద్దుల్లో ‘కంప్యూటర్ ఖర్చులు’ అని ఒకటి ఉంది. దాని మొత్తం చూసుకుని ఒక్క పూటలో షీటు నింపేశాను. నా పుస్తకాల మీద ఆడిటర్లు అభ్యంతరం రాసి పదకొండేళ్లయింది. ఆ ధీమా అలాంటిది.

వారం తరువాత పరిశీలన సమావేశం పెట్టారు. ఎండీ గారి గదిలో, పెద్ద టీవీ మీద. ఆయన పక్కన నేను, నా పక్కన మా కంప్యూటర్ విభాగం అధిపతి. అటువైపు బెంగళూరు నుంచి ఒక అమ్మాయి. మాట తీరు చూస్తే శ్రీకాకుళం వైపు అమ్మాయిలా ఉంది.

“సార్, సర్వర్ల దగ్గర ఈ ఏడాది ఖర్చు సున్నా అని ఉంది. పొరపాటున పడిందా?” అని అడిగింది.

“పొరపాటు కాదమ్మా. 2015లో కొన్నవి. కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం సర్వరు ఆయుష్షు ఆరేళ్లు. కొన్న ధరను ఏటా కొంత చొప్పున ఖర్చు రాసుకునే తరుగుదల 2021తో పూర్తయింది. మిగిలింది ఐదు శాతం అవశేష విలువ మాత్రమే” అన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్ల తరుగుదల అప్పట్లో 60 శాతం ఉండేదని, తరువాత 40కి తగ్గించారని కూడా చెప్పాను. ఎవరూ అడగలేదు.

“అవి ఇప్పుడు పనిచేస్తున్నాయా సార్?”

“నిక్షేపంలా.”

“గదిలో ఏసీ ఉంటుందా?”

“ఉంటుంది. రాత్రీ పగలూ నడవాల్సిందే.”

“ఆ కరెంటు బిల్లు ఏ పద్దులో రాస్తారు?”

ఫ్యాక్టరీ విద్యుత్తులో. యూపీఎస్ బ్యాటరీలు మార్చినప్పుడు? మరమ్మతుల్లో. సర్వరు మొరాయిస్తే వచ్చి చూసేవారికి ఏటా కట్టే డబ్బు? ఆఫీసు నిర్వహణలో. వాటిని కనిపెట్టుకుని ఉండే కుర్రవాడి జీతం? జీతాల్లోనే కదమ్మా, ఇంకెక్కడ రాస్తాను! నా గొంతు నాకే తేడాగా వినిపించింది. మూడో జవాబుకే ఎండీ గారు కుర్చీ నా వైపు తిప్పేశారు. “అంటే సున్నా కాదన్నమాట” అని ఆ అమ్మాయి ఒక్కసారి అని ఉంటే కోప్పడి బయటపడేవాణ్ణి. అనలేదు. తల వంచుకుని ఏదో రాసుకుంది.

కొన్న ధర వేరు, దాన్ని బతికించుకునే ఖర్చు వేరు అని ఆమె మెల్లగా చెప్పింది. గార్ట్‌నర్ అనే అమెరికా సంస్థ 1987లోనే ఈ మొత్తం ఖర్చు లెక్కను ప్రచారంలోకి తెచ్చిందట. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు అది.

అసలు దెబ్బ తరువాతి ప్రశ్న. “సర్వర్లు రెండున్నాయి. ఫ్యాక్టరీలో ఉన్న రెండోది దేనికి?”

దానికి కథ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఎగుమతి కాగితాలన్నీ ఆఫీసులోని ఒక్క మెషీన్‌లో ఇరుక్కుపోయాయి. కొవ్వొత్తి వెలుగులో పాత ఇన్వాయిస్ నకళ్లు వెతికాం. అందుకే మరుసటి ఏడాది ఎండీ గారు ఒకటికి రెండు కొన్నారు. ఆఫీసులో ఉన్నదంతా ప్రతి రాత్రీ ఫ్యాక్టరీలోని దానికి నకలు కావాలి. ఈ కథ ఆయనే ఉత్సాహంగా చెప్పారు.

“ఇప్పటికీ నకలు వెళుతోందా సార్?”

అందరం కంప్యూటర్ విభాగం అధిపతి వైపు చూశాం. ఆయన గొంతు సవరించుకుని, “2019లో ఆగిపోయిందండి. మెషీన్ మాత్రం ఆన్‌లోనే ఉంది” అన్నారు.

ఇన్నేళ్లు! ఏమీ లేని పెట్టెకు ఏసీ వేసి, బ్యాటరీలు మార్చి, కాపలా పెట్టాం. హుద్‌హుద్ మళ్లీ వచ్చి ఉంటే మళ్లీ కొవ్వొత్తులే. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన జవాబు: “నన్ను ఎవరూ అడగలేదు కదండీ.” తప్పు ఆయనది. కానీ ఎండీ గారు ఆయన వైపు చూడలేదు. “డబ్బు దాటేది మీ బల్ల మీదుగానే కదా” అని నాతో అన్నారు. ఇరవై రెండేళ్లలో ఆయన నాతో అలా మాట్లాడటం అదే మొదలు. టీవీలో ఆ అమ్మాయి మర్యాద కోసం చూపు పక్కకు తిప్పుకుంది. అది ఇంకా బాధించింది.

షీటు మళ్లీ మొదటి నుంచి నింపడానికి మూడు వారాలు పట్టింది. ఈ పని నెత్తిన పడేవారికి నా సలహా: ముందు కంపెనీ క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు తీయండి. మా కార్డు బిల్లు మొత్తాన్నీ ఏళ్ల తరబడి ‘ప్రయాణ ఖర్చులు’ కింద రాసేస్తున్నాం. అందులో సగం విదేశీ సాఫ్ట్‌వేర్ చందాలు. పైగా విదేశాల నుంచి తెచ్చుకున్న సేవకు 18 శాతం జీఎస్టీ రివర్స్ చార్జ్ కింద మనమే కట్టాలి. కట్టలేదు. ఇప్పుడు వడ్డీతో కట్టాం. పన్ను జమగా తిరిగి వస్తుంది, వడ్డీ రాదు. పదకొండేళ్లు అభ్యంతరం రాయని ఆడిటరు గారికి కూడా ఇది కనపడలేదని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

తరువాత ఈమెయిల్ ఖాతాల జాబితాను జీతాల రిజిస్టరుతో సరిపోల్చండి. మేము 143 ఖాతాలకు కడుతున్నాం. వాడే మనుషులు 112 మంది. మిగిలినవారిలో ఒకాయన పదవీ విరమణ సభలో శాలువా కప్పింది నేనే. ఆయన పేరు మీద నెలనెలా చందా కడుతున్నదీ నేనే.

కరెంటు లెక్కకు ఎలక్ట్రీషియన్‌తో సర్వరు గదికి విడిగా ఒక మీటరు పెట్టించండి, రెండు వారాలు చాలు. కొనుగోళ్ల విభాగానికి ఫోన్లు చేయకండి. నేరుగా వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చుంటేనే బిల్లు దొరుకుతుంది. మార్చి నెలలో మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోకండి.

రెండో సమావేశం పావుగంటలో ముగిసింది. మూడు వాటాల్లో దాదాపు అంతా ‘నడవడానికి’ కిందే పడింది. ‘పెరగడానికి’ కింద ప్యాకింగ్ దగ్గరి బార్‌కోడ్ యంత్రాలు. ‘మారడానికి’ గడి దగ్గర ఆ అమ్మాయి ఆగి, “ఇది నిజంగా సున్నాయేనా సార్?” అంది. “ఇది నిజం సున్నాయే అమ్మా” అన్నాను. ఎండీ గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈ ఉదయం రెండో సర్వరు ఆపించడానికి ఫ్యాక్టరీకి వెళ్లాను. నకలు ఇకపై అద్దె క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్ ద్వారా బయటి కంపెనీ కంప్యూటర్లలోకి, పంపుదామని నిర్ణయం. గది తలుపు తీస్తే సర్వరు వెనక వరుసగా టిఫిన్ క్యారేజీలు, మజ్జిగ ప్యాకెట్లు. ప్రాసెసింగ్ హాలులోకి తిండి తీసుకెళ్లకూడదు కదా, చల్లగా ఉంటుందని ఇక్కడ పెట్టుకుంటున్నారు. మెషీన్ ఆపుతుంటే వాచ్‌మన్ వచ్చి, “ఏసీ మాత్రం ఉంచండి బాబూ, మధ్యాహ్నానికి మజ్జిగ పులిసిపోతుంది” అన్నాడు. ఉంచమన్నాను. మీటరు కూడా తీయవద్దని, ఆ యూనిట్లు ఈ నెల నుంచి సిబ్బంది సంక్షేమం పద్దులో రాస్తామని ఎలక్ట్రీషియన్‌కు చెప్పి వచ్చాను.