మరుగుదొడ్డికి అప్పు అడిగితే

డ్వాక్రా గ్రూపులో ఎవరైనా అప్పు అడిగితే మొదటి ప్రశ్న "దేనికి?" అనే. కుట్టుమిషనుకో టిఫిన్ బండికో అంటే వెంటనే తీర్మానం రాసేస్తాం. మరుగుదొడ్డికి అంటే మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరో ఒకరు అంటారు: "దానిమీద ఏటి వస్తాదమ్మా?"

నేను విశాఖలో కంచరపాలెం వైపు కొండవాలు వీధుల్లో గ్రూపులకి ఆర్పీని, అంటే రిసోర్స్ పర్సన్‌ని. మినిట్స్ పుస్తకాలు చూడటం, బ్యాంకు లింకేజీ (గ్రూపుకి బ్యాంకు ఇచ్చే అప్పు) కాగితాలు సిద్ధం చేయించడం, వాయిదా తప్పినవాళ్ల ఇంటికెళ్లి మాట్లాడటం నా పని. ఆ ప్రశ్నకి నా జవాబు ఎప్పుడూ ఒకటే. కొత్తగా ఏం వస్తుందో తర్వాత, ఇప్పుడు ఎంత పోతోందో లెక్కేయండి.

చేపలమ్మే ఒక అప్ప ఇంట్లో అలాగే లెక్కేశాం. వాళ్ల ఇల్లు బాగా పైన. కుళాయి నీళ్లు అక్కడిదాకా ఎక్కవు. కింద వంతు కోసం నిలబడితే ఫిషింగ్ హార్బరులో వేలం అయిపోతుంది, మిగిలిన సరుకు ఎక్కువ ధరకి కొనాలి. నిలబడకపోతే మోసే కుర్రాడికి బిందెకి ఇంతని ఇవ్వాలి. ఇంట్లో ఎదిగిన ఆడపిల్లలు ఇద్దరు. చీకటి పడ్డాక ఒకరికొకరు తోడుగా తుప్పల్లోకి పోవడమే. పెద్దపిల్ల అందుకే మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేసేది. మూత్రంలో మంట, జ్వరం, మందులు, మళ్లీ అదే. బిందెల డబ్బు, మందుల డబ్బు, హార్బరులో పోయిన బేరం ఒక కాగితం మీద రాసి కూడితే, యాభై వేల అప్పుకి నెలకి కట్టాల్సిన వాయిదా కన్నా ఎక్కువ తేలింది. ఆవిడ నమ్మలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని తనే ఇంకోసారి కూడింది.

మరుగుదొడ్డికి అంత ఎందుకవుతుందని కింద వీధులవాళ్లు అడుగుతుంటారు. కొండమీద ఇసుక, ఇటుక, సిమెంటు ఆటో ఆగినచోటి నుంచి తలమీద మోయించాలి, మెట్లని బట్టి కూలి. ఎర్రమట్టి కాస్త తవ్వేసరికి రాయి. రాయి లేనిచోట రెండు గుంతలు తవ్వి సిమెంటు వరలు దించుకుంటే అన్నిటికన్నా మేలు. ఒకటి నిండాక మూసేసి రెండోది వాడుకుంటారు, మూసినదాంట్లోది ఏడాది రెండేళ్లకి ఎరువైపోతుంది. రాయి తగిలితే సెప్టిక్ ట్యాంకే గతి. అప్పుడు ఖాళీ చేసే లారీ పైపు మెట్ల మీదుగా అక్కడిదాకా వస్తుందో లేదో ముందే కొలుచుకోవాలి. లేకపోతే నిండిన రోజు ఎవరినో మనిషిని దింపుతారు. రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడం 2013 పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచితే, ఆ విషవాయువుకి మనిషి నిమిషాల్లో పోతాడు. జాగా కళ్లారా చూడకుండా ఏ కాగితాన్నీ నేను ముందుకి పంపను.

ప్రభుత్వం ఇస్తుంది కదా, అప్పెందుకని కొందరి మాట. స్వచ్ఛ భారత్ 2014 అక్టోబరు 2న మొదలైంది. అప్పట్లో పట్టణాల్లో ఇంటి మరుగుదొడ్డికి కేంద్రం వాటా 4,000 రూపాయలు, దరఖాస్తు పరిశీలించాక సగం, పని చూశాక మిగతా సగం. రాష్ట్రం తన వంతు కలిపింది. మంచి పథకం, ఎన్నో ఇళ్లకి దారి చూపింది. కానీ చేతిలో మొదటి డబ్బు లేనివాళ్లు మధ్యలోనే ఆగిపోయారు. గోడలు లేచి, తలుపు లేక, లోపల కట్టెలు పేర్చుకున్న గదులు మా వీధుల్లో ఉన్నాయి. చిన్న అప్పు అవసరమైంది సరిగ్గా అక్కడే. పైగా కొండమీద చాలా ఇళ్లకి పట్టా లేదు, హౌసింగ్ లోను ఎవరూ ఇవ్వరు. గ్రూపు అప్పుకి తాకట్టు అడగరు, ఒకరికొకరు పూచీ. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 1992లో గ్రూపుల్ని బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది కాబట్టే ఈ మాత్రం తలుపు తెరుచుకుంది.

అప్పంటే మావాళ్లకి భయం, అందులో తప్పేం లేదు. మైక్రోఫైనాన్స్ వసూళ్లు ప్రాణాల మీదికి వచ్చి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అందుకే వారం వడ్డీల్లో ఇరుక్కున్న ఇంటికి మేం ఈ అప్పు రాయం, ముందు ఆ బాకీ తేలాలి. నూటికి నెలకి రూపాయి వడ్డీకి, ఐదు రూపాయల వడ్డీకి తేడా ఎంతో చూపించి మరీ చెబుతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపల మీద బతికే ఇంటి నుంచి ఆ రెండు నెలలూ మామూలు వాయిదా ఆశించకూడదు. అందుకని ఆవిడ డబ్బు దొరికే నెలల్లో కాస్త ఎక్కువ గ్రూపులో జమ చేసుకుంది, నిషేధం రోజుల్లో అందులోంచే కట్టాం.

ఇదేమీ మా కొండమీద పుట్టిన ఆలోచన కాదు. తిరుచిరాపల్లిలో గార్డియన్ అనే సంస్థ నీళ్లకీ మరుగుదొడ్లకీ అప్పులివ్వడం కోసమే పుట్టింది. గ్యారీ వైట్, నటుడు మాట్ డేమన్ కలిసి 2009లో పెట్టిన వాటర్ డాట్ ఆర్గ్ తనే అప్పివ్వదు, స్థానిక సంస్థలు ఇచ్చేలా సాయం చేస్తుంది. అలా ఇచ్చిన అప్పుల్లో నూటికి 97కి పైగా తిరిగి వస్తున్నాయని వాళ్లు చెబుతారు. తీసుకునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మా పుస్తకాలు చూసినదాన్ని కాబట్టి నాకు ఆశ్చర్యం వెయ్యలేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. కొండపైకి నీళ్లు ఎక్కించే పంపు, డ్రైనేజీ పైపులైను కార్పొరేషన్ వెయ్యాల్సినవి. ఆ ఖర్చుని డ్వాక్రా అప్పు పేరుతో ఆడవాళ్ల నెత్తిన పెడతామంటే ఒప్పుకోను. ఇంటి గుమ్మం లోపలిది మా బాధ్యత, వీధిది వాళ్లది. అలాగే వీధి లైనుకే నేరుగా మోటారు బిగిస్తామంటే అప్పు ఇవ్వం, పక్కింటి నీళ్లు లాగేసినట్టే అవుతుంది. రెండిళ్లు కలిసి సంపు కట్టుకుని, అందులోంచి పైకి తోడుకుంటామంటే ఇస్తాం.

వచ్చే సమాఖ్య మీటింగులో తీర్మానం పెడుతున్నాం. కుట్టుమిషనుకి ఎలా ఇస్తామో మరుగుదొడ్డికి, సంపుకి కూడా అలాగే ఇవ్వాలని, వేట నిషేధం నెలలకి వాయిదా తగ్గించమని బ్యాంకుని అడగాలని. మేస్త్రీ రాసిచ్చిన ఎస్టిమేటు, ఆ చేపలప్ప కూడిన లెక్క కాగితం నా దగ్గరే ఉన్నాయి. మీ గ్రూపుకి కావాలంటే అడగండి, జిరాక్సు తీసిస్తాను.