కాళేశ్వరం దారిలో ఆయిల్ మార్పిడి

హన్మకొండ నుంచి కాళేశ్వరానికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం అక్కడే చేయొచ్చు. నేను చేరేసరికి చీకటి పడింది. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు గురించి, ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నాకు మాత్రం భూపాలపల్లిలో ఒక బుల్లెట్ షాపు ముందు చెక్కబల్ల మీద గడిపిన మధ్యాహ్నం గురించే రాయాలని ఉంది.

బండి నాన్నది. 1980ల నాటి బుల్లెట్ 350. ఇనుప సిలిండర్, గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. వానాకాలమంతా వరండాలో కవరు కింద నిలబడే ఉంది. దూరం పోతున్నాం కదా, ఒకసారి చూపిద్దామని ఇంటి దగ్గరి షాపుకు తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు మూత తిప్పి ఆయిల్ కొలిచే పుల్ల చూసి, "ఆయిల్ మస్తు తక్కువుందన్నా" అని ముప్పావు లీటరు పోసి డబ్బులు తీసుకున్నాడు. కనీసం ఇంజన్ స్టార్ట్ చేసి కూడా చూడలేదు.

గూడెప్పాడ్ దగ్గర ములుగు రోడ్డు వదిలి పరకాల వైపు తిరిగేదాకా పెద్దగా ఏమీ అనిపించలేదు. పొగ వస్తోంది గానీ, నెలల తరబడి నిలబడ్డ బుల్లెట్‌కు అది మామూలే. పరకాలలో టిఫిన్ చేశాను. చట్నీలో పల్లీ కంటే నీళ్లే ఎక్కువ, రేటు మాత్రం హైదరాబాద్ రేటే. రేగొండ దాటాక అసలు టెన్షన్ మొదలైంది. పొగ తగ్గకపోగా నీలంగా చిక్కబడింది. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు నుంచి ఆయిల్ చిమ్మి వెనక రిమ్ము, నా బ్యాగు నల్లగా అయ్యాయి. బొగ్గు లారీ క్లీనర్ ఒకడు తల బయటపెట్టి, "బండి కాలుతుందన్నా!" అని అరిచి పోయాడు. చెల్పూరు పవర్ ప్లాంటు పొగగొట్టాలు కనిపించేసరికి నా బండి వాటి తమ్ముడిలా ఉంది.

భూపాలపల్లిలో ఇద్దరిని అడిగితే ఇద్దరూ ఒకే షాపు చూపించారు. షాపంటే రేకుల షెడ్డు. లోపల డెబ్బైకి దగ్గర పడ్డ ఒక చాచా, స్పానర్లు అందించే ఒక పిల్లగాడు. చాచా పొగ చూశాడు, బండి ఆపమన్నాడు.

"ఎన్నొద్దులు నిలవెట్టిన్రు సారూ?"

"వానలు మొదలైనప్పటి నుంచి, చాచా."

"మరి ఆయిలెవడు పోసిండు?"

చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "ఆయిల్ తక్కువ గాలేదు. కిందికి దిగి కూసున్నది" అన్నాడు.

సంగతి ఏమిటంటే, ఈ పాత ఇంజన్లలో ఆయిల్‌కు ఇంజన్ కింది పెట్టెలోనే, అంటే క్రాంక్‌కేసులోనే, వేరే అర ఉంటుంది. ఒక పంపు అక్కడి నుంచి పంపిస్తే, ఇంకోటి తిరిగి తెచ్చి పోస్తుంది. బండి నెలలు కదలకపోతే ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరిగే గదిలోకి జారుతుంది. అప్పుడు పుల్ల పెట్టి చూస్తే తక్కువే కనిపిస్తుంది. ఇంజన్ కాసేపు నడిపితే ఆ ఆయిల్ మళ్లీ తన అరలోకి వస్తుంది, లెక్క అప్పుడు చూడాలి. చల్లటి ఇంజన్‌లో చూసి పైన పోస్తే, ఎక్కువైనది ఉండటానికి చోటు లేక బ్రీదర్ నుంచి బయటపడుతుంది.

ఎక్కువైనంత తీసేస్తే సరిపోతుంది కదా అన్నాను. చాచా వేలికి ఆయిల్ అద్దుకుని, రుద్ది, ఎండలో పెట్టి చూశాడు. తళుకు ఉంటే లోపల తిరిగే భాగానికి ఉన్న లోహపు బుష్ అరుగుతున్నట్టు. తళుకు లేదు, కానీ నల్లగా కాలిపోయి ఉంది. మొత్తం మార్చాల్సిందే అన్నాడు.

పిల్లగాడు పక్క షాపు నుంచి తెచ్చిన డబ్బా కొత్త బండ్లకు పోసే పల్చటి ఆయిల్. చాచా వాపసు పంపి, చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్ తెప్పించాడు. ఎమ్మార్పీ మీద ఇరవై రూపాయలు ఎక్కువ. అడిగితే "ఇక్కడిదాంక తెచ్చుడు ఖర్చు గాదా" అని షాపతని జవాబు. వరంగల్ నుంచి భూపాలపల్లి అంత దూరమా!

ఇంజన్ వేడి మీదే కింద రెండు బోల్టులూ విప్పాడు. చాలాచోట్ల ఒక్కటే విప్పి, రెండో గదిలోది అలాగే వదిలేస్తారు. ఇక అక్కడి నుంచి పని లేదు, ఎదురుచూడటమే. ధార సన్నబడి బొట్లయ్యాక నేను లేవబోతే "కూసోండ్రి, ఇంక ఉన్నది" అన్నాడు. నాన్న కూడా ఇంతే. ఆదివారం పొద్దున బండి కింద పాత పళ్లెం పెట్టి, పేపరు మొత్తం చదివేదాకా బోల్టు బిగించేవాడు కాదు. అమ్మ మటన్ తెమ్మని ఎంత అరిచినా సరే.

షిఫ్టు దిగి వస్తున్న సింగరేణి కార్మికులు ఒక్కొక్కరే ఆగారు. ఒకాయన సీటు తడిమి, "అమ్ముతవా తమ్మీ?" అన్నాడు. అమ్మనంటే, "మా బాపు గూడ గట్లనే అన్నడు, ఆఖరికి పాత సామానోడు తీస్కపోయిండు" అని ఆయనే బాధపడ్డాడు.

బోల్టులకు కొత్త వాషర్లు దొరకలేదు. చాచా పాత రాగి వాషర్లనే గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. అలా చేస్తే రాగి మెత్తబడి మళ్లీ సరిగ్గా పట్టుకుంటుందట. తర్వాత ఫిల్టర్ గుడ్డ మార్చి, ముందు ఆ ఫిల్టర్ ఉండే గదిలో కొంచెం ఆయిల్ పోసి, మిగతాది పైనుంచి పోశాడు. మొత్తం రెండు లీటర్ల పైచిలుకు పట్టింది. స్టార్ట్ చేసి, ఇంజన్ పైన వాల్వులను కదిలించే రాకర్ల దగ్గరి పైపు బోల్టు కొంచెం వదులు చేస్తే ఆయిల్ ఊరింది. "ఎక్కింది" అన్నాడు. కాలిన ఆయిల్‌ను సెంట్రింగ్ పలకలకు పూయడానికి ఒక మేస్త్రి అప్పటికే డబ్బాతో వచ్చి నిలబడ్డాడు.

కూలి 300 తీసుకున్నాడు. హన్మకొండలో అయితే సర్వీస్ చార్జీ అని దీనికి రెండింతలు రాసేవాళ్లు.

కాటారం అడవి దారిలో పొగ లేదు, చప్పుడు మాత్రం కమ్మగా ఉంది. కాళేశ్వరంలో దర్శనం, స్నానం బాగానే జరిగాయి, గది అద్దె మాత్రం దారుణం. తిరుగు ప్రయాణంలో మళ్లీ చాచా దగ్గర ఆగాను. ఒక వాషర్ దగ్గర చెమ్మ ఉంది. స్పానర్ పెట్టి పావు తిప్పు తిప్పి, చెయ్యి తుడుచుకుని, "యాభై ఇయ్యిండ్రి" అన్నాడు. పావు తిప్పుకు యాభయ్యా అని అడగబోయి, ఇచ్చేశాను.